మూడో గంట

ఆ రోజుల్లో మా అమ్మ ఒక్కతే అయినా ఊళ్ళో ఆమెకి పేర్లు రెండు. సోమవారం నుంచి శనివారం దాకా 'టీచరుగారు', ఆదివారం 'అమ్మగారు'. పాస్టరుగారి భార్యని మా ముక్తేశ్వరం వైపు అలాగే పిలుస్తారు. ఆరు రోజులు బడి, ఏడో రోజు చర్చి. తప్పించుకునే సందు లేని పిల్లని ఊరు మొత్తానికీ నేనొక్కదాన్నే (ఇంట్లో అన్నం పెట్టమనబోయి 'టీచర్' అని నాలిక్కరుచుకున్న రోజులు కూడా ఉన్నాయి). బడి నడిచేది చర్చి హాల్లోనే. శనివారం మధ్యాహ్నం నల్లబల్లని గోడకి ఆనించి పైన దుప్పటి కప్పితే బడి కాస్తా చర్చి అయిపోయేది.

ఇంకో రహస్యం కూడా చెప్పాలి. నాన్నగారు ప్రసంగం రాసుకుని ముందు అమ్మకి చదివి వినిపించేవారు. అమ్మ ఎర్ర పెన్ను పట్టుకుని వినేది. "ఇది పోయిన నెల చెప్పేరు. ఇక్కడ ఉదాహరణ లేదు. ముగింపు మరీ సాగింది," అంటూ గీతలు కొట్టి, పక్కన తన మాటలు రాసేది. ఆదివారం చర్చిలో అందరూ తలలూపి "అయ్యగారు భలే చెప్పేరండీ" అంటుంటే అమ్మ ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో తల వంచుకుని కూర్చునేది. ఎందుకంటే మా సంఘ పెద్ద, గడియారం తాతగారు (జేబులోంచి గొలుసు గడియారం తియ్యకుండా ఆయన తుమ్మను కూడా తుమ్మరు), ఆ విషయం ఎప్పుడో తేల్చేశారు. "ఆడవాళ్ళు వేదికెక్కితే ఈ గుమ్మం నేను తొక్కనండీ," అన్నారు. ఆయన లేస్తే ఆయన వెనక సగం సంఘం లేస్తుంది. నాన్నగారు పెట్టే బేడా సర్దుకోవాలి.

గంట కొట్టే పని నాది. నాకప్పుడు పన్నెండేళ్ళు. మొదటి గంటకి స్నానాలు, రెండో గంటకి బయల్దేరడం, మూడో గంటకి ఆరాధన మొదలు. మూడోది పడ్డాక క్షణం ఆగకూడదన్నది కూడా తాతగారు పెట్టిన రూలే.

ఒక శనివారం నాన్నగారు గొడుగు పట్టుకుని సైకిలు మీద గోదావరి అవతల కోటిపల్లి వైపు ప్రార్థనకి వెళ్ళారు. ఆదివారం పొద్దుటికి గాలివాన పట్టుకుంది. రేవులో జనాన్ని దాటించే పంటు పడవ నడుస్తోందో లేదో తెలీదు. వాన తెరిపిచ్చేసరికి చర్చి నిండిపోయింది గాని నాన్నగారి జాడ లేదు. తాతగారు వరండాలోకి వచ్చి నాకు హుకుం జారీ చేశారు. "అయ్యగారు రోడ్డు మీద కనపడితేనే మూడో గంట కొట్టమ్మా. లేకపోతే నాలుగు పాటలు పాడుకుని ఇళ్ళకి పోదాం. ఆయ్."

తాడు పట్టుకుని కళ్ళు చికిలించి చూస్తున్నాను. కాలవ గట్టు మలుపులో తెల్ల చొక్కా, నల్ల గొడుగు, సైకిలు కనిపించాయి. ఇంకేం, నాన్నగారే! పూనకం వచ్చినట్టు తాడు లాగాను. గంట ఖంగుమని మోగుతుండగా సైకిలు దగ్గరకొచ్చింది. గొడుగు వంగింది. కొబ్బరికాయల షావుకారు! "ఏంటి పాపా, నన్ను చూసి గంట కొడుతున్నావు?" అని నవ్వుకుంటూ సాగిపోయాడు. తాడు వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తాను.

లోపల తాతగారు గడియారం తీశారు. మూడో గంట పడింది, రూలు ఆయనదే, పాస్టరుగారు లేరు. "మొదలెట్టాలి గానండీ... ఎవరండీ?" అని అటూ ఇటూ చూశారు. అప్పుడు అమ్మ లేచింది. తాతగారు చేతికర్ర అందుకుని తానూ లేచారు. గుమ్మంలో నిలబడి నేను నాన్నగారి ఉద్యోగం గురించి ఏడుపు లంకించుకోబోతున్నాను.

"కూర్చోండి తాతగారూ. నేను వేదికెక్కనండి. ప్రసంగమూ చెయ్యను," అని అమ్మ నేరుగా గోడ దగ్గరికెళ్ళి దుప్పటి తీసేసింది. "ఈ బల్ల నాది. దీని ముందు నిలబడ్డానికి ఎవరి సెలవూ అక్కర్లేదు కదండీ?"

బల్ల మీద తొమ్మిదో ఎక్కం ఇంకా అలాగే ఉంది. తుడిచేసి 'క్షమించడం' అని రాసింది. "దీనర్థం తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి."

చర్చిలో సగం మంది ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. మీసాలొచ్చిన మగాళ్ళు అలవాటు కొద్దీ చేతులు కట్టుకున్నారు. "వెనకాల ఎవరది మాటలు?" అనేసరికి నలుగురు పిల్లల తండ్రి ఒకాయన లేచి నిలబడి "నేను కాదు టీచర్" అన్నాడు. అమ్మ అడుగుతోంది, వాళ్ళు చెబుతున్నారు, మధ్యమధ్య అందరూ నవ్వుతున్నారు. అది ఆ వారం నాన్నగారు రాసుకుంటే అమ్మ దిద్దిన ప్రసంగమేనని నాకొక్కదానికే తెలుసు. నా భయమంతా ఎటు పోయిందో, ఆ నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషి మా అమ్మ అన్న గర్వంతో నాకు ఒళ్ళు పొంగిపోయింది.

ఉన్నట్టుండి మొదటి వరసలో ఒక చెయ్యి లేచింది. అది తాతగారిది. చిన్నప్పుడు గేదెల వెనకే తిరిగి ఏనాడూ బడి మొహం చూడని మనిషాయన. "నేనొకటి చెప్పచ్చాండీ, టీచరుగారూ?"

"చెప్పండి."

"పొలం గట్టు తగువొచ్చి మా తమ్ముడితో మాటలు మానేసేనండి. ముందు వాడు పలకాలని నేను, నేను పలకాలని వాడు. ముందు పలకడమేనేమోనండి క్షమించడమంటే?"

"ఒప్పు. కూర్చోండి," అంది అమ్మ. తాతగారి మొహం చూడాలి, ఒకటో తరగతి పిల్లాడు కూడా అంత మురిసిపోడు.

సరిగ్గా అప్పుడే మోకాళ్ళ దాకా బురదతో నాన్నగారు గుమ్మంలోకి వచ్చారు. అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, "ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనకాల కూర్చోవాలి," అంది. కూర్చున్నారు పాపం. అంతా అయ్యాక తాతగారు మెల్లగా వచ్చి, "వచ్చే ఆదివారం కూడా క్లాసుందాండీ?" అని అడిగారు. "అయ్యగారికి పంటు తప్పితేనండి," అంది అమ్మ. ఆ తర్వాత వాన మబ్బు పట్టినప్పుడల్లా తాతగారు గోదావరి వైపు ఆశగా చూసేవారు.

ఆ తప్పుడు గంటకి నన్నెవరూ తిట్టలేదు. తిట్టకపోవడంతో అది నా మనసులో అలాగే ఉండిపోయింది. నేనూ టీచర్నయ్యాను, నా తలా నెరిసింది. అమ్మ పోయే ముందటేడు, మంచం పక్కన కూర్చుని ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు షావుకారుని చూసి నాన్నగారనుకున్నానే."

"తెలుసు. కిటికీలోంచి చూశాను. మీ నాన్నగారు సైకిలు అలా తొక్కరు. నీ చెయ్యి తాడు మీద ఉంది. ఆగమని ఒక్క కేకేస్తే ఆగిపోదువు."

"మరి వెయ్యలేదేం?"

అమ్మ చిన్నపిల్లలా నవ్వింది. "ఆ వారం దిద్దింది చాలా బాగా వచ్చిందే!"

అన్నేళ్ళు తప్పు చేశానని తలవంచుకు తిరిగిన ఆ పన్నెండేళ్ళ పిల్ల గుర్తొస్తే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. పిచ్చిమొహం, తాడొక్కటే నా చేతిలో ఉంది. గంట కొట్టింది మా అమ్మ.