వేలితో చేసిన ఆపరేషన్

అరవైల మొదట్లో నేను నాంపల్లి దగ్గర ఒక ఆసుపత్రిలో సర్జన్‌గా కొత్తగా చేరాను. గుండెను ఆపి, తెరిచి చూడటానికి వీలు కల్పించే యంత్రం అప్పటికి మాకు లేదు. కొట్టుకుంటున్న గుండెలోకే చూపుడు వేలు పోనిచ్చి, బిగుసుకుపోయిన కవాటాన్ని తడుముతూ విడదీసేవాళ్లం.

సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం నడిపే నర్సయ్య గారి కూతురు సరోజ స్కూల్లో టీచరు. ఇరవై రెండేళ్లకే నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. అంతకుముందు చేసినవన్నీ బాగా జరిగాయన్న ధైర్యంతో ఆమెకూ ఆపరేషన్ చేశాను. వేలు బయటికి తీస్తుండగా గుండె గోడ చిరిగింది. రక్తం ఉబికింది. వేసిన కుట్టు వేసినట్టే తెగిపోయింది. ఆ గుండె నా చేతిలోనే ఆగిపోయింది.

బయటికొచ్చి చెప్పాను. నర్సయ్య గారు ఏడవలేదు.

"లోపల ఏమైందో మీరు కండ్లతోని చూసిన్రా, డాక్టర్ సాబ్?"

"లేదండీ. కంటికి కనపడదు. వేలితోనే తెలుసుకోవాలి."

"చూడకుండనే చేసిన్రా?" అంటూ ఆయన వరండాలోనే కూలబడ్డారు.

కొన్నేళ్లకు యంత్రం వచ్చింది. ఇప్పటి కుర్ర డాక్టర్లు కవాటాన్ని కళ్లారా చూసి బాగుచేస్తున్నారు. పాత రోజుల గురించి వాళ్లు అడిగినప్పుడల్లా బతికినవాళ్ల కథలే చెబుతూ వచ్చాను. సరోజ గురించి ఒకరికి చెప్పడం ఇదే మొదటిసారి.