మేడమ్ ఎడమ కన్ను

ఇన్నేళ్ళుగా ఇది నా గొంతులోనే ఉండిపోయింది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, ఇది మాత్రం దిగదు. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను.

మాది గోదావరి జిల్లా. బహ్రెయిన్‌లో, మహూజ్‌లోని ఒక ఫ్లాట్‌లో ఇంటిపని చేస్తాను. మా మేడమ్‌ది రుమేనియా. ఫెన్సింగ్, అంటే కత్తిసాము, ఆవిడ జీవితం. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చలికి తట్టుకోలేక, వెచ్చగా ఉంటుందని ఆ సాము హాల్లోకి వెళ్ళి కూర్చునేవారట. చూస్తూ చూస్తూ కత్తి పట్టారు. దేశం జట్టులో ఆడారు, పతకం తెచ్చారు. మోకాలు పాడయ్యాక ఆట మానేసి, ఆడపిల్లలకు నేర్పడానికి ఇక్కడికి వచ్చారు. ఇదంతా వంటింట్లో నా పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ చెప్పారు.

ఒకరోజు ఆవిడ ముఖానికి పెట్టుకునే ఇనుప జాలీ మాస్కును కడిగి బాల్కనీ గోడ మీద ఆరబెట్టాను. నా మోచెయ్యి తగిలి కింద పార్కింగ్‌లో పడింది. జాలీకి ఎడమవైపు సొట్ట. గరిటె కాడతో లోపలినుంచి నొక్కి సరిచేశాను. జాలీ ఎక్కడైనా మెత్తబడిందేమోనని పిల్లల మాస్కులన్నీ మేడమ్ బొటనవేలితో నొక్కి చూసేవారు. తనది మాత్రం చూసుకునేవారు కాదు. నేను సర్దుతాను కదా, అందుకు.

ఆ వారమే పాఠం చెబుతుండగా ఒక పిల్ల కత్తి విరిగింది. విరిగిన మొన, నేను సొట్ట తీసిన చోటే, ఆ జాలీలోంచి దూసుకుపోయింది. మేడమ్ ఎడమ కన్ను పోయింది.

ఆస్పత్రిలో ఆవిడ నన్ను అడిగారు. మా ఇద్దరి మాటా సగం ఇంగ్లీషు, సగం ఆవిడ ఇక్కడ నేర్చుకున్న హిందీ.

"ఆ మాస్కు ఎప్పుడైనా కింద పడిందా?"

"లేదు మేడమ్. పడలేదు."

"అయితే ఎవరి తప్పూ కాదు," అన్నారు.

పని పోతుందనా, లేక పరాయి దేశంలో నన్ను మనిషిలా చూసిన ఒక్కరి ముఖంలో ఆ చూపు మారిపోతుందనా, దేనికి భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ పిల్ల తన తప్పే అనుకుంది. మళ్ళీ కత్తి పట్టలేదు. వాళ్ళమ్మ వచ్చి మేడమ్ చేతులు పట్టుకుని ఏడుస్తుంటే నేను టీ తెచ్చి ఇచ్చాను. నా చేతిలో ట్రే వణకలేదు. ఎందుకు వణకలేదు?

మేడమ్ ఆ మాస్కు పారేయలేదు. ఇంటి హాల్లో మేకుకు తగిలించారు. ఇల్లు తుడుస్తుంటే దాని చిల్లు నా వెంటే తిరుగుతున్నట్టు ఉంటుంది. ఒకసారి భయమేసి గోడవైపు తిప్పి పెట్టాను. బజారుకు వెళ్ళి వచ్చేసరికి వంటింటివైపు చూస్తోంది. అప్పుడు మేడమ్ ఇంట్లో లేరు. లేరనే అనుకుంటున్నాను. అడగలేదు. మళ్ళీ నేను దాన్ని ముట్టుకోలేదు. అయినా కొన్ని రోజులు కిటికీవైపు, కొన్ని రోజులు నావైపు తిరిగి ఉంటుంది.

నిన్న దుమ్ముగాలికి మధ్యాహ్నమే ఇల్లు మసకబారింది. మేడమ్ సోఫాలో కూర్చున్నారు. ఆపుకోలేక తెలుగులో చెప్పేశాను.

"అమ్మా, ఆ మాస్కు నేనే పడేశానండి. సొట్ట తీసేసి ఊరుకున్నాను. మీరడిగితే అబద్ధం చెప్పానండి."

ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఏమన్నావని అడగాలి కదా? అడగలేదు. ఉన్న ఒక్క కంటితో, రెప్ప వేయకుండా నన్నే చూస్తూ, నేను ఆపేదాకా విన్నారు. తర్వాత లేచి కిటికీలు మూశారు.

అర్థమయిందా? అర్థం కాదన్న ధైర్యంతోనే కదా నేను ఆ భాషలో చెప్పింది. అదీ మోసమే. అందుకే మీకు రాస్తున్నాను. మీకు ఈ భాష వచ్చు. పడేసింది నేను. దాచింది నేను. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. ఇంతవరకు రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకు మించి నేనేమీ అడగను.