గోడకెక్కని సిలువ మార్గం

మంగళవారం ఆఫీసు ఫోనుకి డ్రాయింగ్ మాస్టారి కూతురు చేసింది. "అంకుల్, పాపా చలే గయే." మాస్టారు పోయారు. "అచ్ఛా" అన్నాను. అంతే. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కోపం రాకపోవడమే నాకు కొత్త.

ఫరీదాబాద్‌లో మా పక్క క్వార్టరు ఆయనది. కథోలికులు. ఆదివారం పూజలో విన్న సువార్తని, ఇంటికొచ్చి చొక్కా విప్పకముందే బొమ్మగా గీసేవారు. "గీస్తేగాని నాకు అర్థం కాదయ్యా" అనేవారు.

డెబ్బైల చివర్లో కొత్త గుడికి సిలువ మార్గం వేయమన్నారు. ఏసుకి మరణశిక్ష పడ్డప్పటి నుంచి సమాధి దాకా పద్నాలుగు బొమ్మలు. ఈస్టరుకు ముందు శుక్రవారాల్లో జనం ఒక్కొక్క బొమ్మ ముందూ మోకరించి ప్రార్థిస్తారు. మాస్టారు ప్లైవుడ్ మీద వేశారు. ఏసుకి ఫౌండ్రీ కూలీ ముఖం, నల్లటి ఒళ్లు.

నాస్తికుణ్ని, ఊరుకుంటానా?

"ఏసు సిలువ మోస్తూ మూడుసార్లు పడ్డట్టు వేశారే, అది బైబిల్లో ఎక్కడుంది మాస్టారూ? వెతికాను."

"నువ్వు బైబిలు తెరిచావా! గొడుగు తీయాలి, వాన పడుతుంది."

"మాట మార్చకండి."

"అంత దుంగ మోసేవాడు పడకుండా ఉంటాడా? రాసినాయన చెప్పలేదు. మోసేవాళ్లకి తెలుసు."

గుడి పెద్దలు వచ్చి చూశారు. "క్యాలెండర్లోలాగా తెల్లగా వేయండి. ఈ మొహానికి ఎవరు మోకరిస్తారు? మార్చకపోతే గోడ ఎక్కించం." అన్నవాడి మొహమూ నలుపే! తన రంగుకి తాను మొక్కలేని జనాన్ని తయారుచేసిందెవరు? వ్యాసం రాసి కడిగేస్తానన్నాను.

"రాయి. వాళ్లని మాత్రం తిట్టకు. మోకరించాల్సింది వాళ్లేగా."

ఆయన రంగు మార్చలేదు. గుడ్ ఫ్రైడేకి గోడలు ఖాళీ. ఫాదర్ గారు ఎటూ తేల్చలేక పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు క్వార్టర్ల ఆడవాళ్లు మాస్టారి వరండాలోంచి బొమ్మలు మోసుకొచ్చి, గుండెలకు ఆనించుకుని గోడ పొడవునా నిల్చున్నారు. ఎవరూ వాళ్లని అడగలేదు. "చదవండి ఫాదర్, చేతులు లాగుతున్నాయి" అందొకావిడ.

ఫాదర్ గారు చదవడం మొదలుపెట్టారు. మేమిద్దరం వెనక గుమ్మం దగ్గరున్నాం. మొదట ఎవరూ మోకరించలేదు. మాస్టారి చేయి నా మోచేతిని పట్టుకుంది, గట్టిగా. తర్వాత ముందు వరస వంగింది, దాని వెనక ఇంకొకటి. చెప్పులు బయట విడిచిన జనం మోకాళ్ల మీదికి దిగితే, వాళ్ల అరికాళ్లన్నీ మా వైపు తిరిగాయి. పగుళ్లు, పగుళ్లలో ఫ్యాక్టరీ మసి.

ఆయన బొమ్మల వంక చూడలేదు. ఆ అరికాళ్లనే చూస్తూ ఉండిపోయారు.