సజ్జకు సలాక ఎక్కడ వేయాలి

ఇబ్రహీంపట్నం చుట్టూ చెలకలన్నీ ప్లాట్లయి, ఎటు చూసినా ఇంజినీరింగ్ కాలేజీ లేచిన రోజులవి. సివిల్ చదివిన కాలేజీలోనే, పరీక్షలయిన నెలకే లెక్చరర్‌నయ్యాను. పాఠం ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. విద్యార్థినిగా రాసుకున్న నోట్సే పట్టుకుని రెండేళ్లు బోర్డు నింపాను. మధ్యమధ్య "అర్థమైందా?" అనేదాన్ని. "అయింది మేడం" అనేవాళ్లు. ఇద్దరి పనీ అయిపోయేది.

మూడో ఏడు ఫలితాలు పడిపోయాయి. యాజమాన్యం మాకు వారం రోజుల శిక్షణ పెట్టించింది. నేర్పడానికి వచ్చిన రిటైరైన ప్రొఫెసరమ్మ మొదటి రోజే, "ఈ వారం అర్థమైందా అని ఎవరూ అడగొద్దు. పిల్లలనే బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించండి" అంది. నాకు ఒళ్లు మండింది. గొంతు చించుకున్నది నేను, ఇప్పుడు వాళ్లు చెప్పాలా?

చివరి రోజు నా క్లాసు చూడటానికి ఆమెతో పాటు మా హెచ్‌వోడీ వెనక బెంచీలో కూర్చున్నారు. నా ఉద్యోగం ఇంకో ఏడాది ఉండాలంటే ఆయన సంతకం పెట్టాలి. నా నోట్సు ఒకప్పుడు ఆయన చెప్పి రాయించిందే.

కిటికీ మీది సజ్జకు ఇనుప సలాక ఎక్కడ వేయాలో బొమ్మ గీశాను. నోట్సులో ఉన్నట్టే స్లాబుకు అడుగున వేశాను. ఒకమ్మాయిని పిలిచి వివరించమన్నాను. వాళ్ల నాన్న మీర్‌పేట్‌లో ఇళ్లు కట్టే మేస్త్రి. చాక్‌పీసు పట్టుకుని కదలదు.

"చెప్పు, ఏమైంది?"

"మా బాపు సలాక పైకి కడ్తడు మేడం. కిందికి కడితే సజ్జ ఇరిగి మీద పడ్తదంటడు."

బొమ్మ వైపు చూశాను. గోడలోంచి బయటికి వచ్చిన సజ్జ కిందికి వంగితే సాగేది పైభాగమే, పగిలేదీ అక్కడే. లెక్కలో నాకు తెలిసిన సంగతే. బొమ్మను మాత్రం ఏనాడూ పట్టి చూడలేదు. పిల్లను గద్దించి కూర్చోబెడితే ఉద్యోగం నిలుస్తుంది. ఒప్పుకుంటే హెచ్‌వోడీ తప్పును ఆయన ముందే బయటపెట్టినట్టు. అడుగు గీత చెరిపి పైన గీశాను.

"నేనే తప్పు చెప్పిన. మీ బాపు చేసేదే కరెక్టు."

హెచ్‌వోడీ లేచి వెళ్లిపోయారు. తర్వాత సంతకమైతే పెట్టారు గానీ, చాలా రోజులు నాతో మాట కలపలేదు.

ఆ పూట నాకు ఉద్యోగం గుర్తే రాలేదు. నా దగ్గర చదివి వెళ్లినవాళ్లు ఏ కాలనీలో ఏం కడుతున్నారోనని భయం పట్టుకుంది. స్టాఫ్ రూంలో కూర్చుని దొరికిన నంబరల్లా కలిపాను. ఆదిభట్లలో సైటు మీదున్న పాత విద్యార్థి ఎత్తాడు. జరిగింది చెప్పాను.

"ఫికర్ చేయకుర్రి మేడం. నాకు క్లాసులనే అనుమానమొచ్చింది. ఈడ మేస్త్రిని అడిగి తెల్సుకున్న."

"మరి అప్పుడే నాకెందుకు చెప్పలే?"

"అర్థమైందా అని అడిగిన్రు మేడం. తప్పుందా అని ఎన్నడు అడగలే."