చప్పుడు తగ్గిన గుండె

వీధి మలుపులో సైకిళ్ళకు పంక్చర్లు వేసే ఆయన్ని అందరూ గాలి మామ అనేవాళ్ళు. పోయి రెండేళ్ళయింది. ట్యూబుని నీళ్ళలో ముంచకుండానే, చెవి దగ్గర పెట్టుకుని "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టేవాడు. ఆ చెవి మీద ఆయనకు గుడ్డి నమ్మకం. అదే ఒకసారి కొంప ముంచబోయింది.

కూతురు పుట్టిన రెండో నెలలో డాక్టరమ్మ చెప్పింది: గుండె కింది గదులు రెండింటి మధ్య గోడకు రంధ్రం ఉందని, దానంతటది పూడకపోతే ఆపరేషన్ చేయాలని, నెలనెలా తీసుకురమ్మని. అప్పటినుంచి పొద్దున్నే పాప గుండెకు చెవి ఆనించేవాడు. మొదట్లో బుస్సుమని వినపడేది. ఐదో నెలకు చప్పుడు సన్నగిల్లింది.

"పూడిపోతోందే! ఇక ఆస్పత్రి చుట్టూ తిరగక్కర్లేదు," అన్నాడు. రెండు నెలలు తీసుకెళ్ళలేదు.

భార్య ఊరుకోలేదు. "నాలుగు గుక్కలు తాగేసరికి పిల్లకి చెమటలు కారిపోతున్నాయి. ఒళ్ళు చేయట్లేదు. నీ చెవి గొప్ప నువ్వే చెప్పుకో, నా ఒళ్ళో పిల్ల సంగతి నాకు తెలీదా?" అని పాపని భుజాన వేసుకుని బయల్దేరింది. ఆయన కొట్టు మూయకుండానే వెంటపడ్డాడు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి అడిగింది. "మీ ట్యూబు ఎప్పుడు బుస్సంటుంది?"

"లోపల గాలి గట్టిగా ఉంటేనమ్మా."

"లోపలా బయటా సమానమైతే?"

"చిల్లున్నా చప్పుడుండదమ్మా," అంటూనే ఆయన పాప వైపు తిరిగాడు.

"ఇక్కడా అంతే. రంధ్రం పూడలేదు. ఊపిరితిత్తులకు రక్తం పంపే గదిలోనూ ఒత్తిడి పెరిగి రెండు గదులూ సమానమవుతున్నాయి. ఇంకా ఆగితే ఊపిరితిత్తులు పాడై ఆపరేషన్ కూడా పనికిరాదు. ఇప్పుడైతే చేయొచ్చు."

ఆ వారమే చేశారు. రక్తాన్ని యంత్రం తిప్పుతుంటే, గుండెని ఆపి, రంధ్రం మీద చిన్న ముక్క అతికి చుట్టూ కుట్టారు. ఆ నాలుగు గంటలూ ఆయన గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. భార్య కూర్చోమన్నా వినలేదు. తిట్టమన్నాడు. ఆవిడ తిట్టలేదు, నీళ్ళ సీసా చేతికిచ్చింది.

పాప ప్రాణం నిలబడింది. ఎదురురొమ్ము ఎముక అతుక్కునేదాకా, ఆరు వారాలు, చంకల కింద చేతులు వేసి ఎత్తొద్దని నర్సు చెప్పింది. ఇక చూడాలి ఆయన హడావిడి! చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళ చేతా ముందు దిండుని ఎత్తించేవాడు. తప్పుగా ఎత్తితే మళ్ళీ మొదటినుంచి.

మూడో వారం పరీక్షకు వెళ్తే డాక్టరమ్మ నవ్వుతూ చేతులు చాచింది.

"ఆగండమ్మా. ఒక చెయ్యి వీపు కింద, ఒకటి పిర్రల కింద."

"నాకే చెప్తున్నారా?"

"ఎవరికైనా చెప్తానమ్మా. అన్నీ నాకే తెలుసనుకుని ఒకసారి పిల్లని పోగొట్టుకోబోయాను."

డాక్టరమ్మ ఒక చెయ్యి వీపు కింద పెట్టింది.