కుందేలికి తలంటు

నువ్వుల నూనె వేడెక్కిన వాసన తగిలితే ఇప్పటికీ నా చేతులను లుంగీకి తుడుచుకుంటాను. ఆ చేతులు చేసిన పని ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. పక్కింటి సావిత్రక్క తెచ్చిన ఆకులు తిని మా కుందేలు చావుదాకా పోయిందని వీధిలో ఇంకా కొందరు అనుకుంటున్నారు. అది నిజం కాదు.

సావిత్రక్క ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది. తమిళనాడు ధర్మపురిలో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ. ఒక సాయంత్రం ఆమె వైరు బుట్ట తెచ్చి మా హాల్లో దించింది. అందులో తెల్ల కుందేలు. నల్లంపల్లి దగ్గర రోడ్డు పక్క హోటలు మూసేసినవాళ్ళు, పిల్లల సరదాకు పెంచిన కుందేలును బోనుతోనే వదిలేసి పోయారట. బస్సులో నుంచి చూసి, దిగి మరీ తెచ్చింది.

"మా ఇంట్లో పిల్లి ఉండాదప్పా. నువ్వే పెట్టుకో."

పెరట్లో గంప కింద ఉంచుతానన్నాను.

"ఇదేమన్నా కోడా, గంపేసి మూసేదానికి? ఇంట్లోనే తిరగతాది. నీ వైర్లంతా పైకి కట్టుకో, కొరికేస్తాది."

నాకు పాలకోడు టమాటా మార్కెట్లో కేకేసి వేలం వేసే పని. నేను మాట్లాడితే చాలు, కుందేలు మంచం కిందికి దూరేది. అక్క నన్ను నేల మీద కూర్చోబెట్టింది. "పిలవద్దు, పట్టద్దు. ఊరికే కూచో. అదే వస్తాది."

"ఎప్పుడొస్తాదక్కా?"

"ఇదేమి నీ వేలమా, మూడోసారి అనేలోపల తేలిపోయేదానికి?"

చాలా రోజులు అలా కూర్చున్నాను. చివరికి ఒక సాయంత్రం అది వచ్చి నా పాదానికి గడ్డం రుద్దింది. ఆ తర్వాత మార్కెట్లో కూలీలను కేకలేయడం తగ్గించానని నా భార్య వసంత అంటుంది. నాకు ఓపిక అనేది నేర్పినవాళ్ళెవరైనా ఉంటే అది సావిత్రక్కే. రోజూ పొద్దున్నే కొత్తిమీర కాడలు కడిగి తెచ్చి తన చేత్తోనే తినిపించి పోయేది.

దీపావళి తెల్లవారుజామున ఇంట్లో ఏ ప్రాణీ తలంటు లేకుండా ఉండకూడదని మా వంశంలో పట్టింపు. మా నాన్న ఎద్దుల నుదుటికి కూడా నూనె రాసేవాడు. కుందేలికి నీళ్ళు పోయవద్దని అక్క ముందే చెప్పింది. పండగ ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. వసంత వంటింట్లో ఉండగా దానికి నూనె రాసి, సీకాయ రుద్ది, చెంబులతో నీళ్ళు పోశాను. అది పెనుగులాడి, తర్వాత చేతుల్లో గుడ్డలా వేలాడిపోయింది. భయపడి తుడిచి, పొద్దెక్కాక పెరట్లో ఎండలో పెట్టాను. ఇల్లంతా నూనె వాసనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మధ్యాహ్నానికి మేత ముట్టలేదు, ఒళ్ళు చల్లబడింది. అక్క కూడా మాతో పశువుల డాక్టరు దగ్గరికి వచ్చింది. ఏం తిన్నదని ఆయన అడిగాడు. "అక్క తెచ్చిన కొత్తిమీర. సంతలోది, మందు కొట్టింటారు," అంది వసంత.

"సరిగ్గా కడగలేదేమో నేను," అంది అక్క మెల్లగా. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

కుందేలు బతికింది. అక్క మాత్రం రావడం మానేసింది. పిలిస్తే, "నా చెయ్యి మంచిది కాదప్పా" అనేది. గోడ అవతల నుంచి "తింటా ఉండాదా?" అని అడిగేది, అంతే. ఆ గొంతు వినగానే కుందేలు గుమ్మం దగ్గరికి పరుగెత్తేది.

మళ్ళీ దీపావళి వచ్చింది. వసంత నూనె వేడిచేస్తూ, "పోయినసారి పాపం దాన్ని వదిలేసినాము. ఈసారి దానికీ తలంటుదామా?" అంది. నేను స్టవ్ ఆపేసి అక్క ఇంటికి పోయాను.

"నీ ఆకులో ఏమీ లేదక్కా. పోయిన దీపావళికి నేనే దానికి తలంటు పోసినాను."

ఆమె నన్ను తేరిపార చూసింది. "సీకాయ కూడానా?"

"కూడా."

పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. "అప్పటినుంచి నేను ఎవరింటికీ నా చేత్తో తినేదేదీ ఇయ్యలేదు. తెలుసునా నీకు?"

తెలియదు. "తప్పయిపోయిందక్కా," అన్నాను.

"నాకు చెప్తే చాలదు. వసంత ముందర చెప్పు. ఆ మాట అనింది ఆమె కదా."

ఇద్దరం మా ఇంటికి వచ్చాం. ఏడాది తర్వాత అక్క మా గుమ్మం దాటింది. వసంత చూస్తుండగా అక్క ముందు నిలబడి, చేతులు జోడించి అన్నాను: "తలంటు పోసి కుందేలిని చంపబోయింది నేను. నింద నీ మీద పడతా ఉంటే చూస్తా ఊరకుండింది కూడా నేనే. నన్ను క్షమించక్కా."