నా తువాలు, మేస్టారి వన్స్ మోర్

చెమట తుడుచుకోవడం నేరమని ఏ చట్టంలోనూ లేదు. అయినా ఇరవై రెండేళ్ల వయసులో నేను చెమట తుడుచుకొని ఒక పెద్దాయన ప్రాణం మీదికి తెచ్చాను. అప్పుడే నవ్వకండి. పూర్తిగా విన్నాక నవ్వుదురు గాని, నేనూ కలుస్తాను.

పెద్దాయనంటే మా డ్రామా మేస్టారు చెంగయ్యగారు. మా నెల్లూరు సీమలో మైపాడు నుంచి బుచ్చి దాకా ఏ ఊళ్లో పద్యనాటకం ఆడినా రాజూ మంత్రీ ఆయన చేతిలో తయారైనవాళ్లే. నలభై ఏళ్లు హార్మోనియం పెట్టెతో తిరిగి, డెబ్బై దాటాక గుండెనొప్పి వచ్చి, పెట్టె మూసేసి ఇంట్లో కూర్చున్నారు. అరవయ్యో దశకం మొదట్లో శిష్యులమంతా ఆయనకు సన్మానం తలపెట్టాం.

"శాలువా నాకెందుకురా? ఒక్క పద్యం పాడనీండి, చాలు" అన్నారు.

డాక్టరు ఒక్కటంటే ఒక్కటే అన్నాడు.

ఇందుకూరుపేట దగ్గర మా ఊరి బడి పాకలో, నడివేసవిలో, పొద్దుండగానే నాటకం. ఆయన రాజు, నేను మంత్రి. మొహానికి రంగు పూసుకుంటుంటే మేస్టారి భార్య కామాక్షమ్మగారు నన్ను పక్కకు పిలిచారు.

"అబ్బయ్యా పెంచలా, ఆ మనిషి పాటలో పడితే ఒళ్లెరగడు. పద్యం కాంగానే నువ్వు నీ మాట అందుకో. మళ్లీ పాడనిచ్చినావంటే మనిషి నాకు దక్కడు."

"నేనుండా గదమ్మా!" అన్నాను గుండె మీద చెయ్యేసుకొని.

అంత పూచీ నెత్తికెత్తుకున్నవాడు బుద్ధిగా ఉండాలా, వద్దా? ఉండలేదు. ఆ రోజుల్లో పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అని కేకలేసేవారు. కేక పడిందంటే చచ్చిపడ్డ పాత్ర అయినా లేచి ఆ పద్యం మళ్లీ పాడాల్సిందే. నాకు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్క వన్స్ మోర్ పడలేదు. గొంతు లేదు, శ్రుతి లేదు, వన్స్ మోర్లకు మాత్రం ముందే ఏర్పాట్లు! నా స్నేహితుడు మస్తాన్‌ని పట్టుకున్నాను.

"నా పద్యం కాంగానే తువాలుతో మొహం తుడుచుకుంటా. అదే గుర్తు. నలుగుర్ని ఏసుకొని కేకెయ్యి."

"నీ పద్యం ఏదో మాకెట్టా తెలిసేది?"

"అదంతా నీకెందుకు? తువాలు చూడు, కేకెయ్యి. అంతే."

ఆ "అంతే" నా కొంప ముంచింది.

తెర లేచింది. మేస్టారు పద్యం ఎత్తుకున్నారు. చివరి రాగం దగ్గర ఆయన మెడ నరాలు తాళ్లలా లేచాయి. నాకు భయం పట్టుకుంది. భయానికి చెమట, చెమటకు తువాలు. పద్యం ముగిసింది. నా మాట అందుకోబోతూ మొహం తుడుచుకున్నాను.

"వన్స్ మోర్!"

మేస్టారి కళ్లు వెలిగాయి. మళ్లీ ఎత్తుకున్నారు. ఎవడ్రా ఈ కసాయివాడని జనంలో వెతుకుతున్నాను. ముందు వరసలో కామాక్షమ్మగారు నావైపే చూస్తున్నారు. ఆ చూపుకి అరికాళ్ల దాకా చెమట పట్టింది. పద్యం అయ్యేసరికి మళ్లీ తుడుచుకున్నాను.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

మూడోసారి మొదటి పాదానికే ఆయన సింహాసనం చెయ్యి పట్టుకున్నారు. రెండో పాదంలో ఊపిరి తెగింది, ఎలాగో అతుక్కుంది. అప్పుడు కనిపించాడు మస్తాన్. బెంచీ ఎక్కి, చేప కోసం కాచుకున్న కొంగలా, నా తువాలు మీదే కళ్లు పెట్టి ఉన్నాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతిలో మేస్టారు పడుతున్నారు!

తువాలు అవతలికి విసిరేశాను. మొహం రంగు కరిగి కళ్లలోకి కారింది. ఒకటే మంట. మొహం మీద చెయ్యి పడితే మస్తాన్ మళ్లీ అరుస్తాడని రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. పద్యం ముగిసిందో లేదో, "మహారాజా!" అని గావుకేక పెట్టి, తడుముకుంటూ వెళ్లి తెర దించేశాను.

మేస్టారు సింహాసనంలో కూలబడి కళ్లు మూసుకున్నారు. కామాక్షమ్మగారు పరుగున వచ్చి ఆయన గుండె రాస్తున్నారు. నేను కాళ్ల మీద పడి ఏడ్చాను. నటన కాదండీ, నిజంగానే ఏడ్చాను.

"తప్పు నాదే మేస్టారూ. ఆ కేకలు నేను పెట్టించినవే. నా కోసం పెట్టించుకున్నా. తువాలు గుర్తు..."

చాలాసేపటికి ఆయన ఒక కన్ను తెరిచారు.

"తెలుసులేరా. నీ వయసులో నేనూ అదే గుర్తు పెట్టుకుంటి. మొదటిసారి తుడిచినప్పుడే చూసినా."

"తెలిసీ ఎందుకు పాడినారు మేస్టారూ?"

"వన్స్ మోర్ అంటే పాడేదే. ఎవరికిరా అని అడుగుతామా?" అని, భార్య మంచినీళ్లకు అటు తిరగ్గానే నా చెవి దగ్గరికి వంగారు. "ఆ తువాలు యాడ పారేస్తివి? ఇంకొక్కసారి తుడుచుకో, పో."

ఆయన తొంభై దాటి బతికారు. అన్నేళ్లూ నేను వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా కామాక్షమ్మగారు వాకిట్లోనే నా భుజం మీది తువాలు తీసి లోపల దాచి, ఆ తర్వాతే మజ్జిగ ఇచ్చేవారు.

నలుగురిలో చెమట తుడుచుకోనని నేను ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. నెల్లూరు ఎండల్లో అది ఎంత ఘోరమైన వ్రతమో మీకు తెలియంది కాదు. మొన్న మనవరాలి పెళ్లిలో కూడా ధారగా కారనిచ్చాను. తాత ఎంత ప్రేమగా ఏడుస్తున్నాడో చూడమని అందరూ మెచ్చుకున్నారు.